క్యాజువాలిటీలో నిలబడ్డ మా చెల్లె

మా చెల్లె పోయిన రోజు పొద్దున ఇంట్లో ఏ తేడా లేదు. నేను ఎప్పటిలాగే చీకటితో లేచి, వాకిలి ఊడ్చి, స్నానం చేసి దీపం పెట్టాను. ఆరింటికి చెల్లె లేచింది. బీపీ గోళీ వేసుకుని, వంటింటి గడపలో నిలబడి చాయ తాగింది. కూర్చుని చాయ తాగడం ఆమె ఏళ్ళ కిందటే మరిచిపోయింది. ఉప్మా ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "అక్కా, గిది మా పేషెంట్లకు పెట్టే ఉప్మా లెక్కుంది" అంది. నీ బీపీకి ఆ ఉప్పు చాలన్నాను. జడ మడిచి పైకి కట్టుకుంది. జేబులో రెండు పెన్నులు పెట్టుకుంది. ఒకటి తనకు, ఒకటి సంతకాలు పెట్టడానికి తీసుకుని తిరిగి ఇవ్వని వాళ్ళకు. డబ్బాలో జొన్నరొట్టె, పుంటికూర సర్దిచ్చాను. రెండున్నరకల్లా వస్తానని, పెసర్లు నానబెట్టమని చెప్పింది. చున్నీని ఎడమ చెవి మీదుగా చుట్టుకుని స్కూటీ తీసింది. లక్డారం రోడ్డు మీద కంకర లారీ ఒకటి పోతుంటే, అది దాటేదాకా ఆగి, మలుపు తిరిగింది. నేను పెసర్లు నానబోశాను.

పది దాటాక దవాఖాన నుంచి ఫోనొచ్చింది. ఒకసారి రావాలన్నారు, ఎందుకో చెప్పలేదు. పక్క వీధిలో ఉండే మా తమ్ముడు బండి మీద తీసుకుపోయాడు. క్యాజువాలిటీ గుమ్మంలో ఒక చిన్న సిస్టర్ నా చేయి పట్టుకుని, కట్లు కట్టే గది పక్కనున్న చిన్న గదిలోకి తీసుకుపోయింది. కుర్చీ చూపించింది. గ్లాసుతో నీళ్ళు నా చేతిలో పెట్టింది. తను కూడా ఇంకో కుర్చీ లాక్కుని, నా కళ్ళకు సమానంగా కూర్చుంది. "మీరు మేడంకు ఏమైతరు?" అని అడిగింది. ఆ పిల్ల మా ఇంటికి వచ్చి అన్నం తిన్న పిల్ల. నేనెవరో తెలుసు. అయినా అడిగింది. అక్కనన్నాను.

"మేడం చనిపోయింది అక్కా. పదింటికి. మెదడుల నరం పగిలింది."

అంతే చెప్పి ఊరుకుంది. నా చేయి వదల్లేదు.

నిజానికి కుర్చీ చూపించినప్పుడే నాకు తెలిసిపోయింది. ఎందుకంటే ఆ పద్ధతి మా చెల్లెది. చావు వార్త ఎలా చెప్పాలో కొత్తగా వచ్చిన ప్రతి సిస్టరుకూ ఆమె నేర్పేది. ముందు కూర్చోబెట్టాలి, నిలబడి విన్నవాళ్ళు పడి తల పగలగొట్టుకుంటారు. చేతిలో ఏదైనా పెట్టాలి, నీళ్ళ గ్లాసైతే మంచిది. ఏమవుతారో అడగాలి. సీరియస్‌గా ఉందని నాన్చకూడదు, చనిపోయారని ఒక్క మాటలో చెప్పాలి. ఆ తర్వాత నోరు మూసుకుని పక్కన ఉండాలి. ఇవన్నీ ఆమె రొట్టెలు చేస్తూ నాకు చెప్పిన సంగతులే. నాకు పనికొస్తాయని అనుకోలేదు.

ఇదంతా రాయడానికి ఒక కారణం ఉంది. ఆమె పోయిన ఐదో రోజు దవాఖాన ఆఫీసు నుంచి ఒక క్లర్కు మా ఇంటికి వచ్చాడు. ఉద్యోగంలో ఉండగా పోయింది గనుక ఆమె కూతురికి సర్కారు ఆఫీసులో కుర్చీ కొలువు వస్తుందన్నాడు. వారంలోపు దరఖాస్తు ఇమ్మన్నాడు. అయితే ఆ పిల్ల ఈ ఏడే నర్సింగ్ చదువు ముగించింది. అదే దవాఖానలో, అదే క్యాజువాలిటీలో కాంట్రాక్టు నర్సులను తీసుకుంటుంటే, తల్లికి చెప్పకుండా పేరిచ్చింది. ఆ పేరు జాబితాలో వచ్చింది. పదకొండో రోజు తర్వాతి సోమవారం చేరాలి, చేరకపోతే ఇంకొకరిని పిలుస్తారు. ఆఫీసు కుర్చీయా, తల్లి నిలబడిన చోటా, రెండింట్లో ఒక్కటే. పదకొండో రోజు సాయంత్రం తేల్చాలనుకున్నాం. మా ఇంట్లో ఇలాంటివన్నీ చివరికి నా మాట మీద ఆగుతాయి. అదే నన్ను ఆ రోజుల్లో కూర్చోనివ్వలేదు. ఎందుకో అర్థం కావాలంటే మా చెల్లె సంగతి మొదటి నుంచి చెప్పాలి.

మా అమ్మ పోయేనాటికి చెల్లెకు తొమ్మిదేళ్ళు, నాకు పద్దెనిమిది. జడలు వేసింది, బడికి పంపింది, నర్సింగ్ ఫారం నింపించింది నేనే. నా భర్త పోయాక పిల్లలు లేని నన్ను ఆమె వచ్చి తన ఇంటికి తెచ్చుకుంది. "నీ బట్టలు సర్దిన అక్కా, నడువు" అంది, అంతకన్నా ఏమీ అనలేదు. అప్పటి నుంచి పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె భర్త, అంటే మా మరిది, బొంతపల్లి దిక్కున ఒక మందుల కంపెనీలో ఆపరేటరు. షిఫ్టులు మారుతుంటాయి. అలా పొద్దున ఆమెను సాగనంపేది, మధ్యాహ్నం ఎదురుచూసేది నేనే అయ్యాను.

హైవే మీది ఆ సర్కారు దవాఖానలో ఆమె పంతొమ్మిదేళ్ళు చేసింది. అన్నీ క్యాజువాలిటీలోనే. ఫ్యాక్టరీలో చేయి నలిగినవాళ్ళు, లారీ కింద పడ్డవాళ్ళు, పురుగుల మందు తాగినవాళ్ళు, జ్వరంతో వణికే పసిపిల్లలు, అందరూ ముందు అక్కడికే వస్తారు. ఒక్కో మనిషి వెంట పదిమంది వస్తారు. ముగ్గురు సిస్టర్లు ఉండాల్సిన చోట చాలా రోజులు ఆమె ఒక్కతే ఉండేది. ఎడమ అరచేతి నిండా పెన్నుతో రాసుకునేది. ఏ మంచం, ఏ ఇంజక్షను, ఎన్ని గంటలకు, ఎవరింటికి ఫోన్ చేయాలి. ఇంటికి వచ్చి మోచేతుల దాకా కడుక్కున్నా ఆ నీలం పూర్తిగా పోయేది కాదు.

వచ్చాక వెంటనే లోపలికి వచ్చేది కాదు. అరుగు మీద పది నిమిషాలు కూర్చునేది. నేను చెంబుతో నీళ్ళు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆ పది నిమిషాలు ఆమెను పిలవకూడదని ఇంట్లో అందరికీ తెలుసు.

తిట్లు ఆమెకు కొత్త కాదు. డాక్టరు రాలేదని, మందు లేదని, మంచం లేదని, తమకన్నా వెనక వచ్చినవాణ్ణి ముందు చూశారని తిట్టేవారు. కాలరు పట్టుకోబోయిన వాళ్ళున్నారు. ఒకసారి ఒకావిడ చెంపమీద ఉమ్మింది. ముఖం కడుక్కుని వచ్చి ఆ ఆవిడ కొడుకుకే సెలైన్ ఎక్కించింది. అంత కోపం నీమీద ఎందుకే అని అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "దవాఖానల కోపం దొరికిన మనిషి మీద పడతది అక్కా. ఓనరు దొరకడు, కాంట్రాక్టరు దొరకడు. నేను దొరుకుత."

నేను ఆ మాట విని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అందుకే నవ్వులాటే అనుకున్నాను.

మా దిక్కు ఫ్యాక్టరీల్లో ఒక అలవాటుంది. కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్ళు దూరపు రాష్ట్రాల నుంచి వచ్చి ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది ఉంటారు. ఒకతను సెలవు మీద పోతే అతని పేరు కొట్టేయకుండా, గదిలో ఇంకొకతను అతని గేట్ పాసు మెడలో వేసుకుని పనికి పోతాడు. పాసు మీది ఫోటోను ఎవరూ చూడరు. గేటు దగ్గరి మనిషికీ తెలుసు, సూపర్‌వైజరుకూ తెలుసు. తలల లెక్క సరిపోతే చాలు. తన కంపెనీలోనూ జరుగుతుందని మా మరిది చెబుతాడు.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం వ్యానులో ఒకతన్ని తెచ్చి క్యాజువాలిటీలో దించారు. ట్యాంకు కడగడానికి దిగాడట, లోపల గ్యాసు పట్టేసింది. డాక్టరు చూసి ప్రాణం లేదన్నాడు. తెచ్చినవాళ్ళు చూస్తుండగానే కనపడకుండా పోయారు. మెడలో గేట్ పాసు ఉంది. ఫోటో చెమటకు అరిగిపోయింది, పేరు మాత్రం ఉంది, వెనక ఒక ఫోన్ నంబరు ఉంది. చెల్లె ఆ పేరును రిజిస్టరులో రాసింది. ఆ నంబరుకు ఫోన్ చేసింది.

ఆ నంబరు పాసు మీద పేరున్న మనిషి వాళ్ళ అన్నయ్యది. దగ్గర్లోనే ఇంకో కంపెనీలో పనిచేస్తాడు. ఏడెనిమిది మందిని వెంటేసుకుని వచ్చాడు. చెల్లె తన పద్ధతిలోనే అతన్ని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మీ తమ్ముడు చనిపోయాడని చెప్పింది. అతను నేలమీద పడి ఏడ్చాడు. వెంట వచ్చిన వాళ్ళలో ఒకడు వాళ్ళ ఊరికి, తల్లికి ఫోన్ చేశాడు. ఆ తల్లి కేక ఫోనులోంచి గదిలో అందరికీ వినిపించిందట. ఆ తర్వాత వాళ్ళు దుప్పటి తొలగించి చూశారు.

పడుకున్నది తమ్ముడు కాదు. తమ్ముడు అన్నకు చెప్పకుండా ఎవరో దోస్తు పెళ్ళికి వేరే ఊరు పోయాడు. అతని పాసు వేసుకుని పనికి పోయిన, అదే గదిలో ఉండే ఇంకో మనిషి ఇతను.

తమ్ముడు బతికే ఉన్నాడని తెలిసిన ఆ నిమిషంలోనే ఆ అన్న లేచి మా చెల్లెను కొట్టాడు. ఎడమ చెవి మీద. మా అమ్మను చంపావని హిందీలో అరిచాడట. ఆమె సెలైన్ స్టాండు మీద పడింది. ఇంకొకడు రిజిస్టరు లాగి విసిరేశాడు. మిగిలినవాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. సిబ్బంది మీద చేయి చేసుకుంటే శిక్ష తప్పదని గోడ మీద బోర్డు ఉంది. ఆ బోర్డు కిందే ఇదంతా జరిగింది.

దవాఖానలో ఉండే కానిస్టేబుల్ కాగితం, పెన్ను తెచ్చి, రాసిస్తావా అమ్మా అని అడిగాడు. చెల్లె రాయకముందు నాకు ఫోన్ చేసింది. నేను చాటలో బియ్యం పెట్టుకుని రాళ్ళు ఏరుతున్నాను. జరిగింది చెప్పింది.

"కేసు పెట్టమంటవా అక్కా?"

నేను ఆ తల్లి కేక గురించే ఆలోచించాను. నా చెల్లె చెవి గురించి ఆలోచించలేదు.

"ఇడిసిపెట్టు చెల్లె. తల్లి ఏడుపు విన్న మనిషి, ఏం జేస్తున్నడో సోయి లేకుండె. దేవుడు సూసుకుంటడు."

"సరే అక్కా" అంది. రెండింటి దాకా డ్యూటీ చేసి ఇంటికి వచ్చింది. తనకే మనసు రాలేదని, అందుకే రాయలేదని ఇంట్లో చెప్పింది. నేనన్న మాట ఎవరితోనూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

వారం తర్వాత ఆమెకు మెమో వచ్చింది. పేరు సరిచూడకుండా ఎందుకు రాశారో వివరణ ఇమ్మని. నాలుగు వరుసల జవాబు రాసిచ్చింది. కానీ ఆమెను తినేసింది మెమో కాదు. చనిపోయిన మనిషి రెండు రోజులు ఇంకొకరి పేరుతో మార్చురీలో ఉన్నాడు. అతని అసలు పేరేమిటో, ఊరేమిటో కనుక్కోవడానికి ఆమె కట్టు కట్టిన చెవితో వాళ్ళ గది దాకా పోయి వచ్చింది. ఏమవుతారో అడగాలన్న ప్రశ్న ఆమె పద్ధతిలో అప్పుడే చేరింది. ఎవరికైనా చెప్పే ముందు ముఖం చూపించడం కూడా.

చెవి లోపలి పొర చిరిగిందన్నారు. మానింది గానీ వినికిడి రాలేదు. ఆమె దానిమీద కూడా నవ్వులాటలాడింది. "ఇప్పుడు సగం తిట్లే వినిపిస్తున్నయ్ అక్కా. సగం జీతం కోస్తరేమో."

అయితే కొన్ని మారాయి. పెళ్ళికి పోతే గోడకు ఆనుకుని, గుమ్మం కనిపించేలా కూర్చునేది. వెనక నుంచి ఎవరైనా భుజం మీద చేయి వేస్తే ఉలిక్కిపడి, వెంటనే సర్దుకుని నవ్వేది. వీధిలో ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటే కూర కలిపే చేయి ఆగిపోయేది. మధ్యాహ్నాలు నిద్రపోయేటప్పుడు వినిపించే చెవిని దిండుకు ఆనించి, వినిపించని చెవిని పైకి పెట్టి పడుకునేది. అప్పుడు ఆమెకు ఇంట్లో ఏ చప్పుడూ తెలియదు. మంచం పక్కన కూర్చుని నేను మెల్లగా పేరు పెట్టి పిలిచినా తెలియదు. కొన్నిసార్లు పిలిచి చూశాను. పక్కనే ఉన్నాను, ఆమె చాలా దూరం పోయినట్టుండేది.

ఒక మధ్యాహ్నం అలా నిద్రపోయి లేచి, దుప్పటి మడత పెడుతూ అంది. "నువ్వు ఇడిసిపెట్టమన్నవ్ గని అక్కా, అది నన్ను ఇడిసిపెడ్తలేదు." నేను స్వామికి దండం పెట్టుకోమన్నాను. పెట్టుకుంటున్నానంది. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను ఒక్కసారైనా ఎత్తి ఉండాల్సింది. బాధను దేవుడికి అప్పజెప్పమని చెప్పి, మనిషిని ఒంటరిగా వదిలేశానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు దాన్నే ఓర్పు అనుకున్నాను.

క్యాజువాలిటీ నుంచి వార్డుకు మార్చమని మూడుసార్లు అడిగింది. నువ్వు పోతే ఎవరు చూస్తారమ్మా అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. ఆమె ఆ మెచ్చుకోలుతో మూడుసార్లు వెనక్కి వచ్చింది.

పోయిన వానాకాలంలో ఒకరోజు అరుగు మీద పది నిమిషాలు దాటి, ఇరవై నిమిషాలు దాటి కూర్చుంది. నేను చెప్పిన నియమం నేనే తప్పి బయటికి పోయాను. ఆ మనిషి మళ్ళీ వచ్చాడట. ఆమెను కొట్టినతను. మిషన్‌లో వేలు తెగి వచ్చాడు.

"వానికి నా మొఖం యాదికి లేదక్కా. సిస్టర్, దర్ద్ హో రహా హై అని ఏడుస్తుండు. కుట్లు ఏసినంత సేపు నేనే పట్టుకొని నిలబడ్డ. గదే చెయ్యి."

మరి నువ్వు చెప్పలేదా అన్నాను.

"ఏమని చెప్పాలె? నొప్పి తగ్గనీకి ఇంజక్షన్ ఇచ్చిన. పోయేటప్పుడు దండం పెట్టిండు."

ఆ రోజు అన్నం తినలేదు. మరునాడు పొద్దున మళ్ళీ డ్యూటీకి పోయింది.

కూతురు నర్సింగ్ చదువుతానన్నప్పుడు ఆమె మూడు నెలలు మాట్లాడలేదు. చివరికి తనే ఫీజు కట్టి వచ్చింది. పోవడానికి వారం ముందు, మేమిద్దరం పుంటికూర తుంచుతుంటే, దాని గురించే మాట వచ్చింది. నా బిడ్డ అక్కడ నిలబడొద్దనే ఉంటది అంది. కొంతసేపు ఆకులు తుంచింది. మళ్ళీ తనే అంది: "గని నిలబడేటోళ్ళు కూడ ఉండాలె గదా అక్కా. నిన్న ఒక ముసలమ్మ నా చెయ్యి ఇడవలే. ఇంకెవరన్న ఉంటె ఏం జేస్తుండెనో." అది కావాలనో వద్దనో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకూ తెలియలేదనుకుంటాను.

ఆమెను ఇంటికి తెచ్చిన రోజు మాకు తెలియని మనుషులు వచ్చారు. భానూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆమె కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. మీరెవరని మా తమ్ముడు అడిగితే, తన కొడుకు పోయినప్పుడు ఈమె తనను కూర్చోబెట్టిందని చెప్పాడు. నీళ్ళు ఇచ్చిందని చెప్పాడు. అలాంటివాళ్ళు సాయంత్రం దాకా వస్తూనే ఉన్నారు. ఆమె అన్నం నాలుగు నిమిషాల్లో తినేది, పండక్కి ఇంట్లో ఉండేది కాదు, మాకు మిగిలింది అరుగు మీది మనిషే అని నేను ఎన్నోసార్లు మనసులో నొచ్చుకున్నాను. ఆ మిగతా మనిషి ఎక్కడికి పోయిందో ఆ రోజు చూశాను. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. బయట షామియానా విప్పుతున్నారు. లోపల నడిమింట్లో మేం నలుగురం కూర్చున్నాం. మరిది, తమ్ముడు, పిల్ల, నేను.

తమ్ముడు మొదలుపెట్టాడు. ఆఫీసు కుర్చీ వదులుకునేవాళ్ళు ఎవరూ ఉండరన్నాడు. పదింటికి పోయి ఐదింటికి వచ్చే కొలువు, ఎవరి తిట్లూ లేవు, సర్కారు జీతం అన్నాడు. చిన్నక్క కూడా పైనుంచి అదే కోరుకుంటుందన్నాడు. మరిది గోడకు ఆనుకుని అన్నీ విన్నాడు. చివరికి, "ఒకర్ని పంపిన. ఇంకొకర్ని పంపను" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు వదినా. నీ మాట దాటి నేను పోను" అన్నాడు.

పిల్ల తల వంచుకుని ఉంది.

ఆ మాట వస్తుందనే నేను ఆరు రోజులుగా భయపడుతున్నాను. దీపం దగ్గర కూర్చున్నా అదే భయం. నేను ఆఫీసుకు పొమ్మంటే ఆ పిల్ల తల వంచుకునే పోతుంది. ఆమె తల్లి కూడా నా మాటకు సరే అనే అంది. సలహా ఇచ్చే ముందు వీళ్ళకు ఒకటి తెలియాలనిపించింది.

చెప్పాను. కానిస్టేబుల్ కాగితం పట్టుకుని ఆమె ముందు నిలబడి ఉండగా ఫోన్ వచ్చిందని, విడిచిపెట్టమన్నది నేనని, ఆమెకు మనసు రాక కాదని చెప్పాను. ఆ రోజు నా చేతిలో బియ్యం చాట ఉందని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

తమ్ముడు నేలచూపులు చూశాడు. మరిది కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నా వెళ్ళిపోవాలనుకున్నాను. అతను కళ్ళు తెరిచి నా వైపు చూశాడు.

"నన్ను అడిగినా గదే అంటుంటి వదినా. నన్ను అడగలే, అంతే."

అప్పుడు పిల్ల తల ఎత్తింది.

"నాకు ఎర్కే పెద్దమ్మా. అమ్మ చెప్పింది. నీకు చెప్పొద్దన్నది, నువ్వు పరేషాన్ అయితవని."

నాకు కళ్ళు తుడుచుకోవడానికి కొంగు దొరకలేదు. ఆ పిల్లే లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. పెద్దదాన్నే గానీ ఈసారి నేను చెప్పను, ఏ కొలువో నీ ఇష్టం, నువ్వే చెప్పు అన్నాను.

"నేను క్యాజువాలిటీకే పోత" అంది. గొంతు పెంచలేదు. "గని అమ్మ లెక్క ఊకోను. ఎవడన్న చెయ్యెత్తితే గా రోజే రాసిస్త. వాని తల్లి ఏడ్చినా రాసిస్త, కుట్లు కూడా ఏస్త. రెండూ చేస్త. మీరు మాత్రం ఇడిసిపెట్టుమనొద్దు. ఇంట్ల ఎవ్వరు అనొద్దు."

ఒక్కదానివి స్టేషనుకు ఎట్లా పోతావని తమ్ముడు అడిగాడు. నేను పోతానన్నాను. ఈ వయసులో నువ్వెందుకు అక్కా అన్నాడు. నేనే పోవాలన్నాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో తేలింది ఇది. పిల్ల సోమవారం క్యాజువాలిటీలో చేరుతుంది. ఆఫీసు కొలువుకు దరఖాస్తు ఇవ్వడం లేదని తమ్ముడు పోయి క్లర్కుకు చెప్పి వస్తాడు. ఆమె మీద ఎవరైనా చేయి చేసుకుంటే అదే రోజు ఫిర్యాదు ఇస్తుంది, పక్కన నేను కూర్చుంటాను. ఏడాది తిరిగేలోపు వార్డుకు మార్చమని అడగాలనిపిస్తే అడుగుతుంది, కాదంటే మేం నలుగురం పోయి అడుగుతాం. ఓర్చుకొమ్మన్న మాట ఆమెతో ఈ ఇంట్లో ఎవరమూ అనం. ఒక్కొక్కరం సరే అన్నాం. అందరికన్నా ఆఖరున మా మరిది అన్నాడు. గోడ వైపు తిరిగి అన్నాడు.